దరిద్రుల లోయలో బంగారం

డనాలీ, విక్టోరియా
20 జనవరి 1984

ప్రియమైన మెర్లక్కకు,

నెవిల్ నమస్కారాలు. ఇక్కడ ఈగలు, చీమలు, నేను క్షేమం. సముద్రపు గాలికి నీ కీళ్ళు కులాసాగా ఉన్నాయని తలుస్తాను.

క్రిస్మస్‌కి వచ్చి నువ్వు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. మా ఆవిడ డల్సీ పోయిన దగ్గరనుంచీ బోసిగానే ఉందనుకో. కానీ మధ్యలో ఎవరైనా వచ్చి వెళ్తే ఆ బోసితనం మళ్ళీ కొత్తగా కనిపిస్తుంది. రిటైరైన మగవాడికి ఈ ఊళ్ళో మూడే దారులు: పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట, బీరు, బంగారం. బౌల్స్‌కి తెల్లప్యాంటు వేసుకోవాలి, నా పొట్టకి తెల్లప్యాంటు వేస్తే తెరచాప ఎత్తినట్టుంటుంది. బీరు డాక్టరు మానమన్నాడు. ఇక మిగిలింది బంగారమే కదా. అందుకని భూమిలో లోహం ఎక్కడున్నా పసిగట్టే డిటెక్టరు ఒకటి కొన్నాను.

కొత్తది కాదు. పక్క ఊళ్ళో ఒకావిడ, మొగుడు పోయాక అమ్మేసింది. డబ్బు తీసుకుని నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి బాబూ అంది. వస్తువు అమ్మిన మనిషి కొన్నవాణ్ణి అంత జాలిగా చూస్తోందేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఇక్కడ బంగారం వేటగాళ్ళ క్లబ్బు ఒకటుంది. దాని ప్రెసిడెంటు ఆర్చీ పెన్‌రోజ్ నాకు విద్య నేర్పాడు. కర్ర చివర పళ్ళెంలాంటిది ఉంటుంది. దాన్ని నేలకి ఆనీ ఆనకుండా ఊపుతూ నడవాలి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. కింద ఇనుముంటే యంత్రం గుర్రుపెడుతుంది. బంగారముంటే సన్నగా కూస్తుందట. నాది ఇప్పటిదాకా గుర్రుపెట్టడమే. మొదటి రోజు గుప్పెడు మేకులు, ఒక గుర్రపు నాడా. రెండో రోజు సార్డీను చేపల డబ్బా. మొన్న మోకాలి లోతు తవ్వితే పొయ్యి తలుపు బయటపడింది. మిగతా పొయ్యి కోసం ఇంకా తవ్వుతున్నాను.

నీ తమ్ముడు,
నెవిల్

తా.క. యంత్రం బంగారాన్ని పట్టుకుంటుందో లేదో చూద్దామని నా పెళ్ళి ఉంగరం పెరట్లో పాతిపెట్టి వెతికాను. ఇంకా వెతుకుతున్నాను.


బర్నీ, టాస్మానియా
31 జనవరి 1984

నా తమ్ముడు నెవిల్‌ను మెర్లక్క దీవించి రాయడమేమంటే,

నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాను. రైల్వే వర్క్‌షాపులో నీ జన్మంతా బాయిలర్లకి రివెట్లు కొట్టావు. ఇనుముతోనే కాపురం చేశావు. ఇప్పుడు ఎర్రటి ఎండలో నిలబడి మళ్ళీ ఇనుమే తవ్వుతున్నావు. దీన్ని హాబీ అనరు నాయనా, ఓవర్‌టైం అంటారు.

ఇక్కడి సంగతులంటావా, గాలి. ఉదయం గాలి, సాయంత్రం గాలి. మా ఆయన క్లిఫర్డ్ ఉన్నప్పుడు గాలిని తిట్టడానికి ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే తిడుతున్నాను, దానికి లెక్కలేకుండా పోయింది. పొద్దున్నే టోస్టు కాలుస్తూ రేడియోలో వార్తలు చదివే అబ్బాయికి బదులు చెబుతున్నాను. నిన్న వాడు వాన పడుతుందంటే, పడదులే అని వాదన వేసుకున్నాను. పడింది.

సరే, అసలు విషయానికి వస్తాను. క్రిస్మస్ మర్నాడు మీ వంటింట్లో గిన్నెలు కడుగుతూ నిన్నొక మాట అడిగాను. నువ్వు చల్లటి హామ్ ముక్కలకి ఆవముద్ద రాసుకుంటూ కూర్చున్నావు. ఔననలేదు, కాదనలేదు. ముక్క పూర్తిగా నమిలి, ఇంకో ముక్కకి రాసుకున్నావు. రెండోసారి అడగడం నాకు చేతకాదు. మన వంశంలోనే ఎవరికీ చేతకాదు. అడిగిన మాట కాగితం మీద పెట్టడానికి కూడా మనసొప్పడం లేదు. నువ్వు విన్నావు, నాకు తెలుసు, తల కూడా ఊపావు. ఔనో కాదో ఒక్క ముక్క రాసి పడెయ్యి. ఏం రాసినా నేను నొచ్చుకోను.

ఆశీస్సులతో,
మెర్ల్

తా.క. నొచ్చుకోనని రాశాను కదా, అది మాత్రం నమ్మకు.


డనాలీ
14 ఫిబ్రవరి 1984

ప్రియమైన అక్కకు నమస్కరించి,

ఉంగరం దొరికింది. యంత్రం కాదు, కోడి కనిపెట్టింది. మట్టి గోకుతుంటే తళుక్కుమంది. ఆ కోడికి ఆర్చీ క్లబ్బులో సభ్యత్వం ఇస్తానంటున్నాడు. నా సభ్యత్వం సంగతి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నారట.

పోయిన వారం దరిద్రుల లోయకి వెళ్ళాను. పేరు చూసి భయపడకు. పాత రోజుల్లో అక్కడ బంగారం తవ్వుకున్నవాళ్ళు ఇంకెవరూ రాకూడదని ఆ పేరు పెట్టారని ఆర్చీ అంటాడు. నా అనుభవం చూస్తే పేరు పెట్టినవాళ్ళు నిజాయితీపరులే. నడుం వంగి తవ్వుతుంటే ఎర్రచీమ ఒకటి ప్యాంటులోకి దూరింది. ప్యాంటు విప్పి దులుపుకుంటున్న సమయానికి చర్చివాళ్ళ పిక్నిక్ బస్సు అటుగా వచ్చింది. పాస్టరుగారు చెయ్యి ఊపారు. నేను యంత్రం ఊపాను.

ఇక నువ్వు వంటింట్లో అడిగిన సంగతి. గుర్తులేకేం, బాగా గుర్తుంది. ఇన్నాళ్ళూ దాని గురించే ఆలోచిస్తున్నాను. మనసులో మాట దాచకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇక్కడికి తేవడం మంచిపని కాదక్కా. పైకి నిండుగా కనిపించినా లోపలంతా వదులైపోయింది. పైవరసలో రెండు పళ్ళు ఊడాయి, ఇంకోటి నొక్కితే లోపలికి పోతుంది. గొంతు చూస్తే అమ్మ రోజుల్లోనే బొంగురు. ఓడ ఎక్కించి దించేలోపు ఏ కాలు విరుగుతుందో చెప్పలేం. ఎత్తి దించాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. ఆ బరువుకి నా ముందుగది చెక్కనేల ఆగుతుందా అని నా భయం. ఈ వయసులో కదపకుండా ఉంచడమే దయ. అక్కడే ముందుగదిలో, ఎండ తగలని మూలన, మీద మంచి గుడ్డ కప్పి ఉంచు. వారానికోసారి దుమ్ము దులిపితే ఇంకో పదేళ్ళు ఢోకా ఉండదు.

నీ మేలు కోరే తమ్ముడు,
నెవిల్

తా.క. కింద ఎలకలు గూడు పెట్టకుండా చూసుకో. ఒకసారి దూరాయంటే పీచు పీచు చేసేస్తాయి.


బర్నీ
24 ఫిబ్రవరి 1984

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. కుర్చీలో కూర్చుని చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఒక్కొక్కదానికీ జవాబిస్తాను. పళ్ళు ఊడినవి రెండు కాదు, నాలుగు. వాటి చోట కొత్తవి కట్టించి ఏడాది దాటింది, శుభ్రంగా పనిచేస్తున్నాయి. గొంతు బొంగురే కావచ్చు. ఆ గొంతు వినడానికే ఆదివారం చర్చిలో మనుషులు ముందువరసలో కూర్చుంటారు. బరువు సంగతి రాశావు. నలుగురు మగవాళ్ళ అవసరం ఏనాడూ రాలేదు. పెళ్ళినాడు క్లిఫర్డ్ ఒక్కడే ఎత్తుకుని గడప దాటించాడు, అదీ నవ్వుతూ. లోపల వదులైన సంగతి ఎవరూ చూడకుండా నీకెలా తెలిసిందో నాకు తెలియదు.

గుడ్డ కప్పే రోజు ఎప్పుడో వస్తుంది. అప్పుడు నీకు కబురు పెడతారు, వచ్చి నువ్వే కప్పిపో.

మెర్ల్

తా.క. ఎలకల గురించి నువ్వు రాసిన ముక్క చదివాక లేచి ఇల్లంతా తిరిగాను. చివరికి వాకిట్లో నిలబడి ఆ గాలికే చెప్పుకున్నాను నీ గురించి.


డనాలీ
8 మార్చి 1984

ప్రియమైన అక్కయ్యకు,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో. కొత్తపళ్ళు కట్టించావన్నమాట, మంచిపని చేశావు. నాకు చెబితే నేనూ కాస్త పంపేవాణ్ణి కదా. చర్చిలో ఇంకా పనికొస్తోందంటే అమ్మ ఆత్మ ఎంత సంతోషిస్తుందో. కాకపోతే క్లిఫర్డ్ ఒక్కడే ఎత్తాడంటే మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. పాపం అతని నడుంనొప్పి అప్పుడు పట్టుకున్నదే అయి ఉంటుంది.

నీ మాటల్లో ఎక్కడో విసుగు కనిపించింది. ఇంట్లో పెట్టుకోవడం అంత భారంగా ఉంటే ఒక ఉపాయం చెబుతాను. మీ ఊరి వృద్ధాశ్రమానికి ఇచ్చెయ్. ఇలాంటివాటిని వాళ్ళు ఊరికే తీసుకుంటారు, బండి కూడా వాళ్ళే పంపుతారు. హాల్లో ఒక మూలన పడేస్తారు. అక్కడి ముసలివాళ్ళు రోజుకొకరు వచ్చి కాసేపు టపటపా బాదుకుంటారు. వాళ్ళకీ కాలక్షేపం.

ఇక నా ఘనత విను. ఈ ఊళ్ళో ఒక ఆచారముంది. ఏమీ దొరకనివాడు బారులో కూర్చుని గొప్పలు చెబుతాడు. నిజంగా దొరికినవాడు నోరు మెదపడు, ఎక్కడ దొరికిందో పెళ్ళానికి కూడా చెప్పడు. నాకు మేకులు తప్ప దొరకలేదని చెప్పుకోవడానికి సిగ్గేసి నేను నోరు మూసుకున్నాను. అంతే, నాకు పెద్ద గని తగిలిందని ఊరంతా గుప్పుమంది. ఏం నెవిల్, ఎలా ఉంది వేట అని అడిగితే, ఏదో ఉందిలే అంటాను. ఆ మాటకి వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. నిన్న బేకరీలో మాంసం కూరి కాల్చిన పై ఒకటి కొనుక్కుంటే, దర్జా వచ్చేసింది, రోజూ పైలు తింటున్నాడు అన్నారట.

ఇప్పుడు నా కారు కదిలితే వెనకాల ఇంకో రెండు మూడు కార్లు కదులుతాయి. నేను దరిద్రుల లోయలో ఆగితే వాళ్ళూ చెట్ల చాటున ఆగుతారు. మేకు దొరికితే ఎవరూ చూడకుండా గబుక్కున జేబులో వేసుకుంటాను, సిగ్గుతో. వాళ్ళకి మాత్రం అది గబుక్కున వేసుకున్నట్టే కనిపిస్తుంది. అడగకుండానే ఇంత గౌరవం నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఫోర్‌మన్ అయినప్పుడు కూడా రాలేదు.

క్లబ్బులో టీ, పేస్ట్రీలు చూసే థెల్మా ఒక్కతే నన్ను నమ్మడం లేదు. ఆవిడ నాతో సరిగా మాట్లాడదు కూడా. వెనకగది అద్దెకిస్తానని బోర్డు పెట్టింది, ఆవిడ ముఖం చూసి ఎవరూ రావడం లేదు.

నీ తమ్ముడు,
నెవిల్

తా.క. వృద్ధాశ్రమానికి ఇచ్చేముందు ఒకసారి మూత ఎత్తి లోపల చూడు. చిన్నప్పుడు నేను పడేసిన గోళీలు ఉండాలి.


బర్నీ
17 మార్చి 1984

శ్రీ నెవిల్ ట్రెగోవన్ గారికి,

అయ్యా,

మీ ఉత్తరం అందినది. వృద్ధాశ్రమం గురించి మీరిచ్చిన సలహాకు కృతజ్ఞతలు.

రెండోసారి అడగడం నాకు చేతకాదని రాశాను. అడగడం కోసం కాదు, మీరు దేనికి కాదన్నారో రేపెప్పుడైనా గుర్తుకు రావాలని రాస్తున్నాను. ఆ రోజు మీ వంటింట్లో నేనన్నది ఇది: "ఆ ఇంట్లో ఒంటరిగా ఇంకో చలికాలం గడపలేను నెవిల్. నీ దగ్గరికి వచ్చేయనా?"

అంతే అడిగాను. కాదంటే సరిపోయేది. నా పళ్ళు, నా గొంతు, నా బరువు లెక్కపెట్టి, మూలన కూర్చోబెట్టి గుడ్డ కప్పి, ముసలివాళ్ళ చేత బాదించనక్కరలేదు. అమ్మ పోతూ పోతూ నీ చెయ్యి నా చేతిలో పెట్టి వాణ్ణి చూసుకోవే అంది. ఆవిడ ఉండి ఈ ఉత్తరాలు చదివి ఉంటే ఆ చేతి మీదే ఒకటి వేసేది.

ఈ ఇల్లు అద్దెకిచ్చేశాను. ఇకపై ఈ చిరునామాకు రాయకండి. నేనెక్కడికి వెళ్తున్నానో మీకు అవసరం లేదు.

ఇట్లు,
మెర్ల్ హాలిడే

తా.క. వృద్ధాశ్రమంవాళ్ళని కనుక్కున్నాను. బండి పంపరట. మీకు తెలియాలని రాస్తున్నాను.


డనాలీ
2 ఏప్రిల్ 1984

అక్కా,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. పోస్టువాళ్ళు ఎలాగైనా నీకు చేరుస్తారని ఆశ. ఇది పూర్తిగా చదువు. తర్వాత చించెయ్యి, పొయ్యిలో వెయ్యి, నీ ఇష్టం.

నీ ఉత్తరం వచ్చిన రోజు నిజం చెప్పనా, నాకు కోపం వచ్చింది. అక్క ఈ మాట అడగనే లేదు, అడిగితే నాకు వినపడదా, మనసులో అనుకుని అడిగాననుకుంటోంది, ఒంటరితనానికి బుర్ర చెదిరింది అనుకున్నాను. నాకు కాదు, నీకు. చూడు నా తెలివి.

మర్నాడు క్లబ్బువాళ్ళంతా దరిద్రుల లోయకి వచ్చారు. అందరూ నా వెనకే. థెల్మా ఇంట్లో అద్దెకి దిగిన కొత్తావిడ కూడా వచ్చింది. పెద్ద టోపీ, దానిమీంచి ఈగలు వాలకుండా గడ్డందాకా ఆకుపచ్చ వల. మొహం ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. థెల్మా పాత యంత్రం చేతికిచ్చినట్టున్నారు, చీపురు పట్టుకున్నట్టు పట్టుకుని సరిగ్గా నా అడుగుల్లో అడుగులేస్తూ వచ్చింది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని గొప్ప వేటగాడిలా నేల చూస్తూ పోతున్నాను.

ఎందుకో వెనక్కి చూస్తే అందరూ ఒకచోట మూగి ఉన్నారు. ఆవిడ అరచేతిలో చిక్కుడుగింజంత బంగారం. తవ్విన గుంట అంచున నా బూటు గుర్తు ఇంకా చెరిగిపోలేదు.

నేను యంత్రాన్ని దానిమీంచి ఊపి పోవడం ఆర్చీ స్వయంగా చూశాడట. ఎందుకు ఆగలేదని అడిగాడు. అది కూయలేదన్నాను. ఆర్చీ నా హెడ్‌ఫోన్ల తీగ పీకేశాడు. అప్పుడు చప్పుడు అందరికీ వినపడేలా బయటికి వస్తుంది. గింజని నేలమీద పెట్టి నా యంత్రాన్నే ఊపాడు. చుట్టూ ఉన్న తలలన్నీ ఒకేసారి ఊగాయి, చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడు ఊగినట్టు. నాకు మాత్రం ఏమీ వినపడలేదు. నవ్వుతున్నారేమో, ఆటపట్టిస్తున్నారేమో అని ఒక్కొక్క మొహమే చూశాను. ఎవరూ నవ్వడం లేదు. తర్వాత ఆర్చీ గుర్రపు నాడా పెట్టి ఊపాడు.

"ఇది వినపడిందా?"

"ఆ, గుర్రుమంది."

"నీకు ఇనుము వినపడుతుంది నెవిల్. బంగారం వినపడదు."

ఆర్చీ మెల్లగానే అన్నాడట. నేను అతని పెదాలు చూసి తెలుసుకున్నాను. అప్పుడే తట్టింది, కొన్నేళ్ళుగా నేను మనుషుల పెదాలే చూస్తున్నానని. బయటనుంచి సుత్తి దెబ్బలు పడుతుంటే బాయిలరు లోపల కూర్చుని రివెట్టుకి అడ్డం పట్టిన కుర్రాళ్ళలో ఎవరి చెవులు బతికి బట్టకట్టాయని? గట్టివి, మొరటువి మిగిలాయి. సన్నవి, మెత్తవి ఒక్కొక్కటే జారిపోయాయి. డల్సీ ఉన్నప్పుడు, ఏమండీ, కుక్కర్ కూస్తోంది అని భుజం తట్టేది. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే చెవుడు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, డల్సీ లేదు కదా అనుకున్నాను.

థెల్మా వచ్చి నా ఎదురుగా, మొహంలో మొహం పెట్టి నిలబడింది. రోజూ గుడ్ మార్నింగ్ చెబితే పలకవు, పెళ్ళాం పోయాక గర్వం తలకెక్కిందనుకున్నాం అంది. ఆ తర్వాత రెండు పేస్ట్రీలు నా చేతిలో పెట్టింది. బంగారం దొరికినావిడ మాత్రం వెళ్ళి థెల్మా కారులో కూర్చుంది, మళ్ళీ దిగలేదు. పాపం నన్ను చూసి జడుసుకుని ఉంటుంది.

ఇంటికి వచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను, ఈసారి నా ఉత్తరాల్లో నేనేం రాశానో గుర్తుచేసుకుంటూ. అక్కా, ఆ రోజు వంటింట్లో కుళాయి తిరుగుతోంది, నీ వీపు నావైపుంది. నువ్వేదో అంటున్నావని తెలుసు. ఏమన్నావని రెండోసారి అడగడం నాకూ చేతకాక తల ఊపాను. "వచ్చేయనా" అన్నదాంట్లో నాకు చివరి "యనా" ఒక్కటే అందింది. దానికి ముందు మిగతాది నేనే అతికించుకుని "పియానో" అని విన్నాను. అమ్మ పియానోని నా ఇంటికి పంపనా అని అడిగావనుకున్నాను. నేను పళ్ళన్నది పియానో మెట్లని. గొంతన్నది పియానో గొంతుని. నలుగురు మగవాళ్ళూ, గుడ్డా, ఎలకలూ, వృద్ధాశ్రమమూ అన్నీ దానికే.

ఎక్కడున్నా వచ్చెయ్యి. ఆ ఎండ తగలని మూల నేను కూర్చుంటాను, గుడ్డ కూడా నామీదే కప్పు. ముందుగది తుడిచాను. చెక్కనేల మీద గెంతి చూశాను, ఆగింది.

నీ చెవిటి తమ్ముడు,
నెవిల్

తా.క. బెండిగోలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు చెవులకీ యంత్రాలు పెడతాడట. ఒక యంత్రం చెప్పేది వినడానికి ఇంకో రెండు యంత్రాలు కావలసివచ్చిన మొగవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే.


డనాలీ
12 ఏప్రిల్ 1984

ఒరే నెవిల్,

పైన ఊరిపేరు మళ్ళీ చదువుకో. కలం జారి రాసింది కాదు.

నీ ఉత్తరం సముద్రం దాటి బర్నీ వెళ్ళింది. అక్కడి పోస్టుమాస్టరు దానిమీద కొత్త చిరునామా రాసి పంపితే మళ్ళీ సముద్రం దాటి వచ్చింది. ఇన్ని పాట్లు పడి మీ ఇంటికి రెండు వీధుల అవతల, థెల్మా వెనకగదిలో నాకు చేరింది. నీ ఇంట్లో నాకు చోటు లేదన్నావు కాబట్టి నీ ఊళ్ళోనే చోటు వెతుక్కుంటానని పంతం పట్టాను. రోజూ నీ కళ్ళెదురుగా తిరగాలి, నువ్వు తల దించుకోవాలి, అదీ నా పథకం. గది సంగతి నీ ఉత్తరంలోనే రాశావు. థెల్మా మొహం గురించి నువ్వు రాసింది కూడా ఆవిడకి చదివి వినిపించాను, నవ్వింది.

ఆకుపచ్చ వలలో ఉన్నది నేనేరా.

నిన్ను అందరి ముందూ కడిగేద్దామని వచ్చాను. వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. నువ్వు మహారాజులా ఊపుకుంటూ పోతున్నావు. సొంత అక్క గొంతు విని కూడా తిరగనంత కసి పెట్టుకున్నాడా అని ఒళ్ళు మండిపోయింది. నీ పిక్క మీద ఒకటి పొడుద్దామని యంత్రం ముందుకి చాచాను. అది కూసింది. నాకు బంగారం దొరికిన విధానం అది.

ఆ తర్వాత ఆర్చీ ఆ గింజ పెట్టి ఊపడం, నువ్వు అందరి మొహాలూ ఒకటొకటే చూడడం చూశాను. చిన్నప్పుడు బళ్ళో లెక్క రాక నిలబడ్డప్పుడు కూడా ఇలాగే చూసేవాడివి, ఎవరైనా చెబుతారేమోనని. ఇంక అక్కడ నిలబడలేకపోయాను. కారులో కూర్చుని ఏడ్చాను. వల ఉండగా ఏడవడం ఎంత కష్టమో నీకు తెలియదు, ముక్కు తుడుచుకోవడానికి దారి ఉండదు. మర్నాడే వద్దామనుకున్నాను. కానీ నేనన్నది నీకు వినపడనేలేదని తెలిసినా, నువ్వు రాసింది నేను చదివాను కదా. ఆ పళ్ళూ, ఆ గొంతూ, ఆ గుడ్డా ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే తప్ప కాలు కదలలేదు. నీ ఉత్తరంతో తెలిసింది.

ఇప్పుడు ఆ పియానో సంగతి. అమ్మ పియానోని బర్నీలో బడికి ఇచ్చేసి నాలుగేళ్ళయింది. ఇవ్వబోయేముందు నిన్ను అడిగాను కూడా. ఆ వంటింట్లోనే. తల ఊపావు.

అంటే ఇన్నాళ్ళూ నీ ఇంట్లోకి రాకుండా నువ్వు అడ్డుకున్నది ఎవరినీ కాదు. లేని పియానోని.

ఆదివారం మధ్యాహ్నం పెట్టె తీసుకుని వస్తున్నాను. ఎత్తి దించడానికి నలుగురు అక్కర్లేదు, థెల్మా కారు చాలు. తలుపు కొట్టను, నీకెలాగూ తెలియదు. తీసి ఉంచు. ఇకనుంచి నాతో మాట్లాడేటప్పుడు వినపడకపోతే వినపడలేదను. నేను మళ్ళీ చెబుతాను. రెండోసారి చెప్పడం నాకూ చేతకాదు, కానీ ఈ వయసులో నువ్వు చెవులకి కొత్త యంత్రాలు పెట్టించుకుంటుంటే నేనూ ఏదో ఒకటి కొత్తది నేర్చుకోవాలి కదా.

ఆశీస్సులతో,
నీ అక్క మెర్ల్

తా.క. నిన్న నేనూ థెల్మా మళ్ళీ దరిద్రుల లోయకి వెళ్ళాం. అక్కడ ఇంకేమీ లేదు. వచ్చేటప్పుడు దారిలో ఇంకోచోట ఆగాం. అక్కడ ఉంది. ఎక్కడో మాత్రం అడగకు. నువ్వు అడిగినా నాకు వినపడదు.